చెప్పుల వరస

“మా ఆయన చెప్పులేవి?”

స్వర్ణ చేతుల్లోని రెండు చాయ్ గ్లాసులూ ఒలికాయి.

అబిడ్స్ సందులోని ఆ ట్రస్టు దవాఖాన ముందు మనుషులు కాదు, చెప్పులు వరస కడతాయి. ఆయా ఏ చెప్పు ఎత్తి చూపితే ఆ మనిషి లోపలికెళ్లాలి. మోకాళ్లకు అల్ట్రాసౌండ్ తీసే డాక్టరమ్మ వారానికోసారే వస్తుంది, మధ్యాహ్నానికి వెళ్లిపోతుంది.

భర్త సురేందర్ నీలి చెప్పులు వరస చివర్లో ఉండాలి. అక్కడిప్పుడు అరిగిపోయిన తోలు చెప్పులున్నాయి. ఒక ముసలాయన వంగి వాటిని సర్దుతున్నాడు.

“ఏం తాతా, మావి తీసి నీవి పెడ్తవా?”

“జర ఇను బిడ్డా...”

“ఏం ఇనాలె? రేపు మా ఆయనకు పోలీసు సెలక్షన్ల పరుగుంది! మోకాలు గుమ్మడికాయ లెక్క వాచింది. ఇయ్యాల స్కాన్ కాకుంటే ఎట్ల ఉరుకుతడు?”

అరుగు మీద కునుకు తీస్తున్న సురేందర్ ఉలిక్కిపడి లేచాడు. “మెల్లగ స్వర్ణా...”

“నువ్వూకో! మన పెండ్లి బరాత్‌ల మోకాళ్ల మీద దుంకి తీన్మార్ ఆడమన్ననా నిన్ను?”

ఎవరో కిసుక్కున నవ్వారు. స్వర్ణకు ఒళ్లు మండిపోయింది. తోలు చెప్పుల్ని కాలితో రోడ్డు మీదికి తన్నింది.

ముసలాయన వాటిని ఏరుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ నాంపల్లి వైపు వెళ్లిపోయాడు.

“జర సిగ్గుండాలె!” వెనక నుంచి అరిచింది స్వర్ణ.

ఆ అరుపుకే అన్నట్టు తలుపు తెరుచుకుంది. ఆయా జంగమ్మ నీలి చెప్పు ఒకటి ఎత్తి చూపింది. “గిది ఎవలిది? రాండ్రి.”

ఆమే తీసి దాచిందనుకుంది స్వర్ణ. ఇక్కడ న్యాయం తెలిసిన మనిషి ఒక్కరైనా ఉన్నారు!

డాక్టరమ్మ మోకాలు మడిపించి, జెల్ రాసి, ప్రోబ్ ఆనించింది. తెర మీద ఎముకను అంటుకుని నల్లటి పట్టీ. మధ్యలో గండి.

“ఇదే మృదులాస్థి. ఇక్కడ దెబ్బతింది. రేపు పరుగెత్తితే మోకాలే పోతుంది. ఇప్పుడు ఆగితే, వచ్చే సెలక్షన్లకు చూడొచ్చు.”

సురేందర్ ముఖం వాడిపోయింది. స్వర్ణ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. “పరుగు మళ్లొస్తది. కాలు మళ్లొస్తదా?”

బయటికొస్తూ జంగమ్మ దగ్గర ఆగింది. “మా చెప్పులు దాచిపెట్టినవు, సల్లగుండు అక్కా.”

“నేనేడ దాచిన? అన్నిటికన్న ముంగటున్నయి, ఎత్తిన.” జంగమ్మ వరసంతా వెతికింది. “సాయన్న తాత చెప్పులేవి? వారం వారం వస్తడు, వంతు అందక వాపసు పోతడు. ఇయ్యాల తెల్లారకముందే వచ్చి మొదటి జాగ పట్టిండు.”

స్వర్ణ నాంపల్లి వైపు తిరిగి చూసింది. “మరి మావి...”

“మీ ముచ్చట ఇన్నడట. ‘ఆ పిలగాడు రేపు ఉరకాలె, నా జాగల ఆయనవి పెట్టి ఆయన జాగల నావి పెట్టుకుంట’ అన్నడు.”