నున్నటి చెంపలు

“మాత్రలు మానేశావు కదూ?”

కాళ్ల చెప్పులైనా విప్పలేదు జయకుమారి. కూతురి మొహాన్ని కిటికీ వెలుతురులోకి తిప్పి పట్టుకుంది. ముప్పై ఏళ్లుగా నర్సు ఉద్యోగంలో సూదులు పొడిచిన చెయ్యి అది, అంత తేలిగ్గా వదలదు.

“మానలేదమ్మా. పొద్దునే వేసుకున్నా,” అంది అక్సా.

“మరి వెంట్రుకలేవి?”

కిడ్నీ మార్చిన దగ్గర్నుంచి అక్సా వేసుకునే మాత్రలు ఆ కిడ్నీని కాపాడుతూనే చెంపల మీదా పెదవి పైనా వెంట్రుకలు మొలిపించాయి. పార్లర్‌లో దారంతో తీయిస్తే కురుపులు లేచాయి. మళ్లీ ఆ గడప తొక్కొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. పెళ్లిలో పౌడరు కింద దాచారు. అప్పటికి మెట్రో ఇంకా కూతురుండే నోయిడా దాకా రాలేదు, డ్యూటీలతో తీరికా లేదు. రెండు నెలలకి ఇవాళ రెండు బస్సులు మారి వచ్చి చూస్తే, కూతురి మొహం నున్నగా ఉంది. ఇంకో తల్లయితే మురిసిపోయేది. జయకుమారికి ముందు మాత్రలే గుర్తొచ్చాయి.

అక్సా మాత్రల అట్ట తెచ్చి చూపించింది. “చూడు, ఇవాల్టివి లేవు.”

“సింకులో పడేసినా ఉండవు. వార్డులో ఎంతమందిని చూళ్లేదు నేను.”

బాత్‌రూమ్‌లో నీళ్ల చప్పుడైంది. అల్లుడు లెవి ఆఫీసుకు తయారవుతున్నాడు. జయకుమారి గొంతు తగ్గించింది.

“ఆ వెంట్రుకలు అతని కంట పడనివ్వకు అని పెళ్లికి ముందు నేనే అన్నాను. తప్పు నాదే. అందుకని మందు మానేస్తావా? అది నా కిడ్నీ, అక్సా. ఇంకోటి ఇవ్వడానికి నా దగ్గర లేదు.”

అక్సా వంటింట్లోంచి టీ తెచ్చింది. టీ అందిస్తుంటే చేతులు వణికి సాసర్లో ఒలికింది. ఆ వణుకూ మందు వల్ల వచ్చిందే, ఎప్పుడూ ఉండేదే. ఆ సంగతి తెలిసిన జయకుమారికే ఇవాళ అది దొరికిపోయిన వణుకులా కనిపించింది.

“పద, హాస్పిటల్‌కి వెళ్లి రక్తం ఇచ్చొద్దాం. రిపోర్టు అబద్ధం చెప్పదు.”

“అది కాదమ్మా... నీకెలా చెప్పను?”

“ఏం చెప్పక్కర్లేదు.” చున్నీ అందించబోతూ కూతురి చెవి కింద ఎర్రటి గీత చూసింది. “ఇదేంటి, మళ్లీ కురుపు గిల్లుకున్నావా?”

బాత్‌రూమ్ తలుపు తెరుచుకుంది. ఒక చేతిలో దూది, ఇంకో చేతిలో మందు సీసాతో లెవి బయటికొచ్చి, అత్తగారిని చూసి ఆగిపోయాడు.

“వందనాలు అత్తయ్యా. ఆ గాటు నా వల్లే. రోజూ తనకి గడ్డం గీసేటప్పుడు నవ్వొద్దంటే వినదు మీ అమ్మాయి.”