సుల్తానుల నాటి కాసు

చదివింపులు సగానికి వచ్చేసరికి మైకు ఆగిపోయింది.

"ఎవరి తరఫున అని చదవమంటారమ్మా?" అడిగాడు మైకు పట్టుకున్న పెళ్లికొడుకు మేనమామ.

"తెలిసినవాళ్లు అని చదువు నాయనా," అంది ఆమె.

అరవై దాటిన మనిషి. వేళ్ల నిండా పూల కాడల పచ్చ మరకలు. నది ఒడ్డున ఉన్న జిప్సీ పేట నుంచి వచ్చిందని వాలకం చూస్తేనే తెలుస్తోంది.

ఆమె అరచేతిలో రెషాద్ కాసు ఉంది. సుల్తానుల కాలం నాటిది. పాతవి దాచుకునేవాళ్లు పోటీపడి కొంటారు కనుక మామూలు కాసు కన్నా దానికి ధర ఎక్కువ.

ఆ ఏడు ఎదిర్నే ఊళ్లో పావు కాసు చదివించడమే గొప్ప. బంగారం ధర వారం వారం పెరుగుతోంది. పెళ్లికూతురి సొంత బాబాయే ఆమె మెడలోని ఎర్ర పట్టీకి అర గ్రాము బంగారు బిళ్ల గుచ్చి తలొంచుకుని దిగిపోయాడు. దూరపు అత్త ఒకావిడ పావు కాసు తెచ్చింది. దాని మీద నిరుటి సంవత్సరం ముద్ర ఉండటం వల్ల చౌకగా దొరికిందని తనే అందరికీ చెప్పుకుంది.

పెళ్లికూతురి తండ్రి రిఫత్ వియ్యపురాలి వైపు వంగాడు.

"మీవాళ్లా చెల్లెమ్మా?"

"మీవాళ్లేమో అనుకుంటున్నాను అన్నయ్యగారూ."

"మా వంశంలో జిప్సీలెక్కడున్నారు?"

"మా వంశంలో ఉన్నారనా?"

రిఫత్ ముందు వరుసలో కూర్చున్న తల్లి బెహియె దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, ఈవిణ్ణి ఎరుగుదువా?"

"నాకు కళ్లు ఆనవు కదరా," అంది బెహియె, నేల చూస్తూ.

మనవరాలి ముసుగు కుట్టడానికి పొద్దున సూదిలో దారం ఎక్కించింది ఆవిడే.

వెనక కుర్చీల్లోంచి మాటలు వినిపించాయి.

"పూత పూసిందయి ఉంటుంది. ఇస్తాంబుల్‌లో డజన్ల లెక్కన అమ్ముతారు."

"నకిలీదయితే పర్లేదు. అసలుదయితేనే భయం. ఎవరి మెడలోంచి వచ్చిందో."

రిఫత్ ఆమెను పక్కకు తీసుకెళ్లాడు.

"పిన్నిగారూ, హాలు పొరబడ్డట్టున్నారు. పక్క వీధిలో ఇంకో పెళ్లి జరుగుతోంది."

"పెళ్లికూతురు దిలారాయే కదా?"

"అవును."

"అయితే పొరబడలేదు నాయనా."



"మా అమ్మాయి మీకెలా తెలుసు?"

ఆమె నోరు తెరవబోయి బెహియె వైపు చూసింది. ముసలావిడ తల ఎత్తలేదు.

"పసిగుడ్డుగా ఉన్నప్పుడు చూశాను," అంది.

"చూసినంత మాత్రాన ఇంత బంగారం ఎవరిస్తారు? రేపు పోలీసులొచ్చి ఎక్కడిదని అడిగితే నేనేం చెప్పుకోను?"

ఆమె మొహం వాడిపోయింది. రిఫత్ ఆ కాసును ఆమె గుప్పిట్లోనే పెట్టి వేళ్లు మూశాడు.

"మంచిది నాయనా. పిల్లను ఒక్కసారి చూసి పోతాను."

దిలారా దగ్గరికి వెళ్లి చెంప నిమిరింది. "చిక్కిపోయావు తల్లీ," అంది. అంతే. మంచినీళ్లయినా ముట్టకుండా వెళ్లిపోయింది.

"ఎవరావిడ?" దిలారా మొగుడి చెవిలో అడిగింది.

"మీ చుట్టం కాదా?" అన్నాడతను.

గంట తర్వాత నగల కొట్టు వెదత్ వచ్చాడు. పెళ్లికూతురి మెడలోని ఎర్ర పట్టీ మీద గుచ్చినవన్నీ ఒక్కొక్కటే చూశాడు.

"సబ్రియె ఇంకా రాలేదా?"

"ఏ సబ్రియె?"

"మసీదు మెట్ల దగ్గర పూలమ్ముతుందే, ఆమె. రెషాద్ కాసు తేవాలే."

రిఫత్ గతుక్కుమన్నాడు.

"అది అసలుదేనా?"

"నా చేత్తో ఇచ్చానయ్యా. ఇరవై ఏళ్లు పట్టింది దానికి. ఏడాదికోసారి, పూల బేరం బాగున్న రోజుల్లో అర గ్రాము కొనేది. నాలుగు కూడితే పావు కాసుకి మార్చుకునేది. పావులు నాలుగయితే కాసు. ధర పెరుగుతుంటే నవ్వేది, నా దగ్గరున్నదీ పెరుగుతోందిగా అని. మామూలు కాసు చాలమ్మా, చౌకగా పోతుందంటే వినలేదు. మరో నాలుగేళ్లు ఆగి, నా పిల్లకి ఇదే కావాలని తీసుకుంది."

"కూతురుందా ఆమెకి?"

"ఇద్దరూ మగపిల్లలే. అదే నాకూ అంతుపట్టలేదు. మీరు ఉంగరాలకని వచ్చినప్పుడు కొట్లోనే ఉంది. మీరు వెళ్లాక, పెళ్లెప్పుడని అడిగింది."

రిఫత్ వీధిలోకి పరుగెత్తాడు. నది మీది వంతెన దాకా వెళ్లి ఒగురుస్తూ తిరిగొచ్చాడు.

"కనబడలేదు," అన్నాడు.

"ఏదైనా మొక్కేమో," అంది వియ్యపురాలు.

"మతి స్థిమితం లేదేమో," అన్నారెవరో.

"నోళ్లు మూసుకోండి," అంది బెహియె.

ఆవిడ కొడుకు వైపు తిరిగింది.

"నీ పెళ్లాం కాన్పులో పోయిన ఏడు నువ్వు సైన్యంలో ఉన్నావు రిఫత్. డబ్బా పాలు పిల్లకి పడలేదు. తాగిందల్లా కక్కేసేది. డాక్టరు చేతులెత్తేశాడు. నేనే వంతెన దాటి ఆమె గుమ్మం ముందు నిలబడ్డాను."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"జిప్సీ గుమ్మం తొక్కానని తెలిస్తే పరువు పోతుందనుకున్నాను. ఎవరికీ చెప్పనని ఆమె చేత ఒట్టు వేయించుకున్నాను. ఇవాళ కూడా నోరు విప్పకుండా నా మొహం వైపు చూసింది. నేనే తల తిప్పుకున్నాను."

దిలారా వచ్చి నాయనమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది.

"ఆవిడ నాకేమవుతుంది నాయనమ్మా?"

బెహియె మనవరాలి చెయ్యి పట్టుకుంది.

"తన ఆర్నెల్ల కొడుకుని ఒక రొమ్మున, నిన్ను ఒక రొమ్మున పెట్టుకుని ఏడాది పాటు పాలిచ్చిన తల్లి."