ఆకుపచ్చ గీత

"చేతులు వెనక్కి కట్టుకో. ట్రైలర్‌ని ముట్టుకున్నావంటే గేటు బయట నిలబెడతాను," అన్నాడు పోలీసు ఆఫీసరు.

భూతద్దం చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

యార్డులో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. ఏటా తనిఖీకి వచ్చే ట్రైలర్ల కిందికి దూరి, తుప్పులో చీమ నడిచిన దారి కూడా పట్టేస్తాడని పేరు. ఈ రోజు మాత్రం అతను చూడాలి, చెప్పాలి. అంతే. కిందికి దూరేది స్పానరు. ఏళ్ల తరబడి పక్కపక్కనే పనిచేసిన తోటి మేస్త్రి.

షెడ్డులో ట్రైలర్ ఒక పక్కకి ఒరిగి ఉంది. దాన్ని లాగిన లారీని నడిపింది భూతద్దం కూతురు. వాలు దిగుతూ రోడ్డు పక్క కొట్టులోకి దూసుకుపోయింది. కొట్టతను అక్కడికక్కడే పోయాడు. డ్రైవరు నిద్రపోయిందని కేసు రాశారు.

"బ్రేకు తొక్కాను నాన్నా. ట్రైలర్ ఆగలేదు." లాకప్పులోంచి ఆమె చెప్పింది ఆ ఒక్క మాటే.

లోపం దొరికితే పిల్ల ఇంటికొస్తుంది. దొరక్కపోతే జైలు. సాయంత్రానికల్లా ఆఫీసరు రిపోర్టు పంపాలి.

"నా మాట నమ్మండి సార్. ఇందులో పాత లోపం ఉంది."

"కూతురి కోసం తండ్రి సూర్యుడు పడమట పొడిచాడని కూడా చెప్తాడు. నోటిమాట కోర్టులో చెల్లదు. కంటికి చూపించు."

స్పానరు గాలి గొట్టాలు చూశాడు. ఎక్కడా లీకు లేదు. బ్రేకు డ్రమ్ములు విప్పాడు. పగుళ్లు లేవు. లైనింగులు అరగలేదు. నట్ల మీద, దుమ్ము కింద, నిరుటి తనిఖీ నాటి ఆకుపచ్చ గీతలు.

ఆ యార్డులో అదొక పద్ధతి. నట్టు చూసినవాడు దాని మీదుగా కింది ఇనుము దాకా తన రంగుతో ఒక గీత గీయాలి. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. ఒకరి రంగు ఇంకొకరు ముట్టరు. సర్టిఫికెట్ మీద ఆఫీసు ముద్ర ఒక్కటే ఉంటుంది. చూసిందెవరో చెప్పేది గీతే.

"ఏమీ లేదన్నా. ఇంక వదిలెయ్," అన్నాడు స్పానరు కిందనుంచి. మొహమంతా చెమట.

"వెనక ఇరుసు. ఎడమ పక్క."

"చూశాగా."

"మళ్లీ చూడు."

స్పానరు కదల్లేదు. గొంతు తగ్గించి అన్నాడు. "అన్నా, ఆలోచించుకో. ఇది బయటపడితే ఒక మనిషి బతుకు బుగ్గయిపోతుంది. ఇల్లూ పిల్లలూ ఉన్నవాడు."

"నా పిల్ల కంటే ఎక్కువేం కాదు వాడు."

"ఆ పిల్ల నా చేతుల మీద కూడా పెరిగింది. రేపు బయటికొచ్చి, ఎందుకు చూపించావు బాబాయ్ అంటే ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"ముందు రానీ. అప్పుడు చెబుదువుగాని."

"ఏంటా గుసగుసలు?" ఆఫీసరు దగ్గరికొచ్చాడు. స్పానరు వైపు తేరిపార చూశాడు. "నీకెందుకయ్యా అంత చెమట?"

స్పానరు ఎడమ పక్కకి పాకాడు.

బ్రేకు డబ్బాని ఇరుసుకి పట్టి ఉంచే, నట్టుతో బిగించిన ఇనుప పట్టీ రెండు ముక్కలై వేలాడుతోంది.

"గుద్దుకున్నప్పుడు విరిగి ఉంటుంది," అన్నాడు ఆఫీసరు.

"విరిగిన అంచు చూడండి సార్. సగం తళతళా మెరుస్తోంది. అది మొన్న విరిగింది. మిగతా సగం తుప్పు. అది పాత పగులు. వాలు మీద బ్రేకు తొక్కగానే మిగతాది కూడా ఊడింది."

ఆఫీసరు వంగి చూశాడు. ఒప్పుకున్నట్టే తలాడించి, మళ్లీ ఆగాడు. "పాతదంటే ఎప్పటిది? తనిఖీ అయ్యాక వచ్చిందేమో. అప్పుడు చూసుకోవాల్సింది డ్రైవరేగా? కేసు మీ అమ్మాయి మెడ నుంచి కదలదు."

భూతద్దం కళ్లు మూసుకున్నాడు. వెనక్కి కట్టుకున్న చేతులు ఒకదాన్నొకటి నలుపుకున్నాయి.

"గుడ్డతో మెల్లగా తుడువు," అన్నాడు స్పానరుతో.

"వద్దన్నా."

"తుడవరా. నీకు దణ్ణం పెడతా."

తుప్పు పొడిగా రాలింది. దాని కింద, పగులు లోపలి గోడ మీద, వెంట్రుకంత సన్నగా ఆకుపచ్చ రంగు.

"గీత గీసిన రోజుకే పగులుంది సార్," అన్నాడు భూతద్దం. "తడి రంగు లోపలికి దిగింది. పైనున్న మసి తుడిచుంటే అప్పుడే కనపడేది."

"పగులు మీదే గీత గీసి పంపాడా? మనిషేనా వాడు?"

"మనిషే సార్. ఆ రోజు తుడవలేదు."

"దొరికితే?"

"వదలొద్దు సార్."

ఆఫీసరు ఫొటోలు తీయించాడు. కూర్చుని రిపోర్టు రాశాడు. భూతద్దం అతని కలం వెంటే చూస్తూ నిలబడ్డాడు.

"మా అమ్మాయి ఇంటికొచ్చేసినట్టేనా సార్?"

"డ్రైవరు తప్పు లేదని రాశానయ్యా. రేపు తీసుకెళ్లండి."

"సంతకం పెట్టండి సార్."

ఆఫీసరు సంతకం పెట్టాడు. అప్పుడు లేచి స్పానరు ముందు నిలబడ్డాడు. "ఇప్పుడు చెప్పు. ఆకుపచ్చ నీదేనా?"

స్పానరు తలెత్తలేదు. భుజాలు కదిలిపోతున్నాయి.

భూతద్దం పొద్దుటినుంచీ వెనక్కి కట్టుకున్న చేతులు విప్పి, చొక్కా జేబులోంచి ఆకుపచ్చ పెయింటు పెన్ను తీసి, మూత బిగించి ఉందో లేదో అలవాటుగా ఓసారి చూసుకుని, ఆఫీసరు ముందు పెట్టాడు.