గీత బయటి గొంతు

"ఎడమకి! ఎడమకి పోవే! వాళ్ల మొహాలేం చూస్తావ్, బంతిని చూడు!"

కంచె అవతలి నుంచి ఆ గొంతు మైదానమంతా మోగింది. కోచ్ మేడం ఈల ఊది ఆట ఆపింది. తిన్నగా కంచె దగ్గరికి నడిచొచ్చింది.

"సార్, మీకు చెప్పడం ఇది రెండోసారి. జట్టుకి పిల్లల్ని ఏరుకోవాల్సింది నేను. మీరు కాసేపు ఊరుకుంటే వాళ్ల ఆటేంటో చూసుకుంటాను."

"అరవట్లేదు మేడం. పిల్లలకి కాస్త సాయం చేస్తున్నా."

పక్కనున్న తల్లులు మొహాలు తిప్పుకుని నవ్వారు. ఆయన బస్సు డ్రైవరు. హారన్ మీంచి చెయ్యి తియ్యడం ఆయనకి చేతకాదు.

ఆట మళ్లీ మొదలైంది. ఆయన కూతురు పచ్చ బనియన్ల జట్టులో ఆడుతోంది. వాళ్లతో పాటే వచ్చిన ఎదురింటి పిల్ల ఎర్ర బనియన్లలో ఉంది. ఆ పిల్లని వీధిలో అందరూ పిచ్చుక అంటారు. మనిషి పిడికెడు, కాళ్లు మాత్రం నేల మీద ఆనవు. ఇద్దరూ ఎడమవైపు ఆడేవాళ్లే. ఇద్దరికీ సాయంత్రం పూట ఆట నేర్పింది డ్రైవరే. అందుకే ఆయన అరుపుకి జట్టు భేదం లేదు.

"పిచ్చుకా! ఆగకు, లోపలికి దూరిపో!"

పిచ్చుక దూరిపోయింది. ఇద్దరు పిల్లల మధ్య సందులోంచి బంతిని లాగి, మూడో అమ్మాయి కాలు చాపేలోపే వలలోకి కొట్టింది. అది ఆమెకి రెండో గోల్.

"శభాష్! అదీ ఆటంటే!" డ్రైవరు కంచె పట్టుకుని ఊపేశాడు.

మైదానం మధ్యలో ఆయన కూతురు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి నాన్న వంకే చూసింది.

విరామంలో ఇద్దరూ కంచె దాటి డ్రైవరు దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. ముందొచ్చింది పిచ్చుక. డ్రైవరు మంచినీళ్ల సీసా ఆమె చేతికిచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, ఊడిపోయిన బూటు లేసు బిగించి కట్టాడు.

"వినండిద్దరూ. ఇక్కడ కాళ్లు ఒక్కటే కాదు, నోరు కూడా ఆడాలి. బంతి కావాలంటే అడగండి. పోగొట్టుకున్నారా, అక్కడే నిలబడి ఏడవద్దు, వెంటనే వెనక్కి పరిగెత్తండి. మేడం చూసేది అదే."

"సరే బాబాయ్" అంది పిచ్చుక, మూతి తుడుచుకుంటూ.

"నా లేసు కట్టవా నాన్నా?"

"నీది ఊడలేదుగా."

కూతురు వంగి, తన లేసు తనే విప్పి మళ్లీ కట్టుకుంది. ఇంతలో దూరం నుంచి కోచ్ మేడం వేలితో సైగ చేసి ఆమెని పిలిచింది. ఏదో అడిగింది. కూతురు ఒక క్షణం నేల చూపులు చూసి, ఏదో చెప్పింది. మేడం కంచె వైపు ఒకసారి, పిచ్చుక వైపు ఒకసారి చూసి తలాడించింది.

"ఏమడిగిందే?" తిరిగి రాగానే డ్రైవరు ఆత్రంగా అన్నాడు.

"ఏ కాలితో కొడతావని."

"రెండు కాళ్లతోనూ అని చెప్పాల్సింది, మొద్దూ!"

రెండో సగంలో డ్రైవరు గొంతు బొంగురుపోయింది. అయినా ఆపలేదు. పిచ్చుక ఇంకో గోల్ వేయించింది. కూతురు రెండుసార్లు బంతి పోగొట్టుకుంది, ఒకసారి కాలు జారి పడింది.

ఆట అయిపోయాక మేడం పిల్లలందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుంది. ఒక్కో స్థానానికి ఎవరిని తీసుకుందో చెబుతూ వచ్చింది.

"ఎడమవైపుకి ఒక్కరే కావాలి. పచ్చ బనియను, నాలుగో నంబరు."

అది డ్రైవరు కూతురు.

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది పిచ్చుక. తర్వాత, మొహం కడుక్కొస్తానని చెప్పి కుళాయి దగ్గరికి వెళ్లిపోయింది. అక్కడ నీళ్లు ధారగా పోతూనే ఉన్నాయి. పిచ్చుక మాత్రం తిరిగి రావడం లేదు.

డ్రైవరుకి సంబరం గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. కూతుర్ని దగ్గరికి తీసుకున్నాడు గానీ, ఆయన చూపంతా కుళాయి వైపే ఉంది.

"నువ్వు బాగానే ఆడావమ్మా. కాదనను. కానీ రెండు గోల్స్ కొట్టిన పిల్లని వదిలేస్తుందా ఎవరైనా? మేడం ఎక్కడో పొరబడింది. ఉండు, వెళ్లి ఒక్క మాట చెప్పొస్తా. ఇద్దర్నీ తీసుకోమంటా."

కూతురు ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది.

"వద్దు నాన్నా."

"ఏం?"

"ఆవిడ పొరబడలేదు. ఇందాక నన్ను పిలిచి అడిగింది. మీతో వచ్చి అలా అరుస్తున్నాయన ఎవరి నాన్న అని. అలాంటి మనిషి కూతుర్ని జట్టులో పెట్టుకుంటే ఏడాదంతా తలనొప్పేనంది."

డ్రైవరు మేడం వైపు వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వేం చెప్పావ్?"

"పిచ్చుక వాళ్ల నాన్న అని చెప్పాను."

ఆయన నోరు తెరిచాడు. ఇందాకటి నుంచి మైదానం దద్దరిల్లేలా అరిచిన గొంతు ఇప్పుడు గుసగుసలా వచ్చింది.

"ఓసినీ... ఆ పిల్లకి నాన్నే లేడు కదే!"

"తెలుసు నాన్నా. ఉంటే, ‘ఆ అరిచేది నేను కాదు’ అని మేడంకి చెప్పడానికి వచ్చేవాడుగా."