చిన్నదొర దారాల గోడ

"ఇంకో మేకు కొట్టు," అన్నాడు చిన్నదొర రామచంద్రరావు.

ఊరి నౌకరైన సుంకరి పర్వతాలు గడీ గోడకు ఇంకో మేకు కొట్టాడు. గోడ నిండా చీటీలే. ఒక్కో చీటీ మీద ఊళ్లో ఒకరి పేరు, దాని కింద వాళ్లకు గడీ మీద ఉండదగ్గ కోపం. చీటీకీ చీటీకీ మధ్య నారాయణపేట నూలుదారం. విడివిడిగా తోచని సంగతులు ఇలా ముడివేసి చూస్తే వాటంతటవే బయటపడతాయట. హైదరాబాద్‌లో ఏళ్లకేళ్లు చదివి పరీక్షలన్నీ తప్పిన చిన్నదొరకు వంటబట్టిన విద్య ఇదొక్కటే.

పక్క తాలూకాలో దొరల మీద జనం సంఘం లేచింది. మన ఊళ్లో దాన్ని పట్టి చూపిస్తే గడీ పెత్తనం నీకు, లేకపోతే నీ తమ్ముడికి అని తండ్రి పెద్దదొర తేల్చి చెప్పాడు.

"మైసయ్యకు, సాలె లింగయ్యకు దారం కట్టు."

"వాళ్లకు మాటల్లెవ్వు దొరా. ఒకని వాకిట్లకు ఒకడు పోడు."

"గదే నాటకం. నీ మట్టి బుర్రకు గది అందదు. బిక్షమ్మకు గూడ కట్టు."

"ఆమె ఎవ్వలతోని మాట్లాడదు దొరా. మొగడు సచ్చిన కాడికెల్లి గంతే."

"ఎట్ల సచ్చిండు?"

పర్వతాలు తల దించుకున్నాడు. "మన బాయికాడ, వెట్టి చేసుకుంట."

"మరి? కట్టు."

ఎవరి భూమి గుంజుకున్నదీ, ఎవరిని కట్టేసి కొట్టించిందీ చిన్నదొరకు ఒక్కటీ మరపు లేదు. సిగ్గన్నది మాత్రం ఆ దరిదాపులకు రాలేదు.

మధ్యాహ్నానికి చీటీల్లోని వాళ్లందరినీ గడీకి ఈడ్చుకొచ్చారు. చదువురాని మందకు తన తెలివి ఎలా తెలుస్తుందని చిన్నదొర గోడనంతా బిగ్గరగా చదివాడు.

"మైసయ్యా, నీ చెరువు కింది మడి మేం తీసుకున్నం. లింగయ్యా, బట్ట పైసల్లేకుండ ఊకె ఇయ్యలేదని నీ మగ్గం ఇరగ్గొట్టించినం. బాలస్వామీ, బిడ్డను బడికి తోలినవని కొట్టించినం. అందరికి ఒక్కటే కడుపుమంట. అందరు ఒక్కటైతే గడీ నిలవదని మీ ఎత్తు. బిక్షమ్మా, ఎక్కువ దారాలు నీ కాడికే వచ్చినయి. సంఘానికి పెద్దవు నువ్వే గదా?"

"నాకేం ఎరుక దొరా," అంది బిక్షమ్మ.

అందరూ అదే మాట అన్నారు. అని, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"చూసినవా, దొరికిపోయిండ్రు," అన్నాడు చిన్నదొర. ఒప్పుకునేదాకా ఉండమని అందరినీ ఒకే వడ్ల కొట్టంలో వేసి తాళం పెట్టించాడు. పొద్దుగూకినా ఎవరూ ఒప్పుకోలేదు. విసుగుపుట్టి వదిలేశాడు.

మరునాడు వెట్టికి ఒక్కరూ రాలేదు. పిలవడానికి పోయిన గడీ మనుషులకు బిక్షమ్మ ఎదురొచ్చింది. ఆమె వెనకాల మైసయ్య, లింగయ్య, ఊరు ఊరంతా.

"నేను చెప్పలేదా బాపూ, సంఘం ఉన్నదని?" చిన్నదొర మీసం దువ్వాడు. పెద్దదొర కొడుకు తెలివికి మురిసిపోయి పెత్తనం అక్కడికక్కడే అప్పగించాడు.

ఆ కొట్టానికి తాళం పడేదాకా ఊళ్లో సంఘమే లేదు.