విచారణ కిటికీ

“పాప పుట్టిన సర్టిఫికెట్లో పేరు తప్పు పడిందండీ. ఎక్కడ దిద్దుతారు?”

“మేడమీద మూడో గది. కానీ ఇవాళ ఎక్కకండి, దిద్దే ఆవిడ సెలవులో ఉంది. రేపు ఆసుపత్రి కాగితం కూడా పట్టుకురండి, లేకపోతే మళ్లీ తిప్పుతారు.”

నగరపాలక కార్యాలయంలో విచారణ కిటికీ వెనక కూర్చున్న పెద్దాయన ఆ మాట చెప్పి, వరసలో తర్వాతి మనిషి వైపు చూశాడు. పదకొండు కూడా కాలేదు, అప్పటికే ముప్పైమంది దాకా వచ్చి వెళ్లారు. చెత్త బండి ఎన్నింటికొస్తుంది, కుళాయి నీళ్లు ఎర్రగా ఎందుకొస్తున్నాయి, గోడ మీదికి వాలిన చెట్టు కొమ్మ కొట్టాలంటే ఎవరి సంతకం కావాలి. రోజూ అడిగేవే. ఆయన మాత్రం ప్రతిదీ మొదటిసారి వింటున్నట్టే వినేవాడు.

మొదట్లో ఆయనకు ఏమీ తెలిసేది కాదు. ఎవరైనా అడిగితే, ఉండండి కనుక్కొస్తానని లేచి లోపలికి వెళ్లేవాడు. కబుర్లలో ఉన్న గుమాస్తాల పక్కన చేతులు కట్టుకుని నిలబడి, వాళ్ల కబుర్లు అయ్యాక జవాబు పట్టుకొచ్చేవాడు. మర్చిపోకుండా నోటు పుస్తకంలో రాసుకునేవాడు. మూడు నెలలు తిరిగేసరికి, ఏ ఫైలు ఏ బీరువాలో ఉందో తెలియక సెక్షన్లవాళ్లే వచ్చి ఆయన్ని అడగడం మొదలుపెట్టారు.

ఒక్క వంతెన విషయమే ఎవరూ తేల్చి చెప్పలేదు. రైలు పట్టాల మీద కడుతున్న ఆ వంతెన ఎప్పుడు తెరుస్తారని రోజుకు పదిమంది అడుగుతారు. అక్కడి బోర్డు మీద మూడు తేదీలు రాసి మూడూ కొట్టేశారు. పెద్దాయన ఒక మధ్యాహ్నం అన్నం డబ్బా మూసి, ఎండలో నడుచుకుంటూ వెళ్లి స్వయంగా చూసొచ్చాడు. ఆ రోజునుంచి ఎవరడిగినా ఒకటే చెప్పేవాడు. నాలుగో స్తంభం దగ్గర పని ఆగిపోయింది, ఈ ఏడాదికి ఆశ పెట్టుకోకండి అని. జనం తిట్టుకోలేదు సరికదా, నమస్కారం పెట్టి వెళ్లారు. ఆ కార్యాలయంలో నిజం విని చాలా కాలమైంది వాళ్లకి.

ఇంటి దగ్గర సంగతి వేరు. వాళ్ల వీధిలో మురుగు కాలువ పూడిపోయి ఏళ్లయింది. గట్టిగా వాన పడితే ఆ నీళ్లు నేరుగా వంటగదిలోకి వస్తాయి. భార్య డబ్బాలన్నీ బల్ల మీదికి ఎక్కించింది, మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టింది. సాయంత్రం ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే, మన కాలువ సంగతి ఏమైందని అడిగేది. ఇవాళ జనం ఎక్కువ, రేపు చూస్తాననేవాడు ఆయన. ఊళ్లో అందరి పనులూ నెత్తిన వేసుకుంటారు గానీ ఇంటి పని మాత్రం పట్టదని ఆవిడ గొణుక్కునేది.

నిజానికి ఆయన ప్రయత్నించకపోలేదు. ఒకసారి ఇంజనీర్ల సెక్షన్‌కు వెళ్లి అడిగాడు. అక్కడి అమ్మాయి కాగితంలోంచి తల ఎత్తకుండా, వీధి పనుల వివరాలన్నీ విచారణ కిటికీలోనే చెబుతారంది. ఆయన తిరిగొచ్చి కిటికీ వెనక కూర్చున్నాడు.

చివరికి ఒక సోమవారం ఆయన భార్యే కార్యాలయానికి వచ్చింది. పక్కనుంచి లోపలికి వెళ్లొచ్చు, వెళ్లలేదు. గంటసేపు వరసలో నిలబడి, తన వంతు వచ్చాక ముక్కూ మొహం తెలియని మనిషిలా అడిగింది.

“పదకొండో వీధి మురుగు కాలువ ఎప్పుడు బాగుచేస్తారండీ?”

పెద్దాయన కళ్లజోడు సర్దుకున్నాడు. ఆవిడ వెనక ఇంకా పదిహేనుమంది ఉన్నారు.

“అర్జీ పెట్టుకున్నారా అమ్మా?”

“మా ఆయన చూసుకుంటానన్నారు. ఆయన్ని నమ్ముకుని కూర్చున్నాను.”

“రాసుకున్నాను. కనుక్కుని చెబుతాను.”

“ఇంటికొచ్చి చెబుతారా?”

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దాయన తర్వాతి మనిషిని పిలిచాడు.

వానలు మళ్లీ మొదలయ్యే వేళకి కొత్త కమిషనరు వచ్చింది. ఆవిడ బల్ల మీద ఫిర్యాదుల కట్ట ఎంతుందో, విచారణ కిటికీని మెచ్చుకుంటూ వచ్చిన ఉత్తరాల కట్టా అంతే ఉంది. అంతకుముందు ఆ కార్యాలయం చరిత్రలో అలాంటి ఉత్తరం ఒక్కటి కూడా రాలేదట. వెంటనే సిబ్బందినంతా హాల్లో సమావేశపరిచింది. ఉత్తమ సేవకు ప్రశంసాపత్రం ఇస్తానని, పెద్దాయన్ని ముందుకు పిలిపించింది.

చప్పట్లు మోగాయి. ప్రశంసాపత్రంలో పేరు రాయాల్సిన చోటు మాత్రం ఖాళీగా ఉంది. సూపరింటెండెంటు సిబ్బంది జాబితా రెండుసార్లు తిరగేసి చెమట తుడుచుకున్నాడు. పెద్దాయన ఇంజనీర్ల మనిషని పన్నులవాళ్లు అనుకుంటున్నారు. ఇంజనీర్లేమో ఆరోగ్యశాఖ మనిషంటున్నారు.

“పర్లేదు, ఆయన్నే అడుగుదాం,” అంది కమిషనరు నవ్వుతూ. “మీరు ఏ సెక్షన్ నుంచి వచ్చారండీ?”

పెద్దాయన మొహం విప్పారింది. ఇంతకాలానికి ఈ భవనంలో ఒకరు తన గురించి ప్రశ్న అడిగారు.

“సెక్షన్ నుంచి కాదమ్మా, పదకొండో వీధి నుంచి, పోయిన వానాకాలం మా మురుగు కాలువ సంగతి కనుక్కుందామని వస్తే, గుమాస్తా వచ్చేదాకా ఆ కిటికీ దగ్గర కూర్చోమన్నారు.”