పిప్పరమెంటు పుస్తకం

కొత్త మేనేజరుకి ఆ ఆఫీసులో మొట్టమొదట అర్థం కానిది ఒక పిప్పరమెంటు.

వంతెనలూ పైకప్పులూ గీసి పంపే ఇంజినీరింగు ఆఫీసు అది. అక్కడి పద్ధతులు బాగుచేయడానికి అతన్ని తెచ్చారు.

"మూడు నెలల్లో తప్పులు తగ్గాలి. లేకపోతే స్టాఫులో ఒకరు తగ్గుతారు. ఎవరో చెప్పక్కర్లేదనుకుంటా" అన్నాడు యజమాని.

కల్చర్ మారుస్తానని వచ్చినవాడు ఎవర్ని కాల్చుకు తింటాడోనని అందరూ బిక్కుబిక్కుమంటున్నారు.

మొదటిరోజే మీటింగు పెట్టాడు. గోడమీద అద్దం బిగించిన పాత డ్రాయింగు వైపు పెన్ను చూపించాడు.

"ఇక్కడే గీసిన ఈ పైకప్పు కథ మీకు తెలుసు. లెక్క తప్పిందని చీఫ్ ఇంజినీరుకి ముందురోజే తెలిసింది. పరువు పోతుందని నోరు విప్పలేదు. కప్పు కూలింది. ముగ్గురు పోయారు. అలాంటి మనిషి ఈ ఆఫీసులో ఉండడానికి వీల్లేదు."

వెనక కూర్చున్న ముసలాయన ఒక్కడే తలూపాడు.

"బాగా చెప్పావు బాబూ" అని, వెళ్తూ వెళ్తూ అతని చేతిలో పిప్పరమెంటు పెట్టాడు.

"ఎవరీయన?" అని డ్రాయింగులు గీసే అమ్మాయిని అడిగాడు మేనేజరు.

"బాబాయి సార్."

"నీకా?"

"అందరికీ."

"ఏం చేస్తాడు?"

"కూర్చుంటాడు సార్."

"అది నేనూ చేస్తున్నాను. ఇంకేం చేస్తాడు?"

ఆ అమ్మాయి కాస్త ఆలోచించి, "వింటాడు సార్" అంది.

మేనేజరుకి బుర్ర వేడెక్కింది. వారం రోజులు కనిపెట్టి చూశాడు.

ప్రింటు మిషను పక్కన ఒక స్టూలు. దానిమీద బాబాయి. ఎవరో ఒకరు నెమ్మదిగా వచ్చి ఆయన చెవిలో ఏదో చెప్తారు. ఆయన నోటుపుస్తకంలో రాసుకుంటాడు. సైటుకి వెళ్లబోయే కట్టలోంచి ఒక డ్రాయింగు లాగి, దిద్దుకోమని ఇస్తాడు. దాంతోపాటు పిప్పరమెంటు.

మేనేజరు ఆ పుస్తకం తీసుకుని పేజీలు తిప్పాడు.

"ఒక్క నెలలో నలభైమూడు తప్పులా?"

"నలభైనాలుగు బాబూ. ఇందాక ఇంకోటి వచ్చింది."

"ఎవరు చేశారో పేర్లేవి?"

"తప్పుకి కొలతలు చాలు. పేరుతో మనం ఏం గీస్తాం?"

"మరి పిప్పరమెంటు దేనికి? తప్పు చేసినందుకు బహుమానమా?"

"చేసినందుక్కాదు, చెప్పినందుకు. కష్టపడి నోరు తెరిచారు కదా, ఉత్తినే మూయించడం ఎందుకని."

తప్పులన్నీ ఈ పుస్తకంలోంచే పుట్టుకొస్తున్నాయేమో అనిపించింది మేనేజరుకి.

"రేపటినుంచి మీరు రానక్కర్లేదండీ. సిస్టమ్ పెడుతున్నాం."

ముసలాయన పుస్తకమూ, సగం నిండిన పిప్పరమెంట్ల డబ్బా బల్లమీద పెట్టాడు.

"స్టూలు మాత్రం తీసేయకు బాబూ" అని తప్పుకున్నాడు.

మర్నాడే ఫారం వచ్చింది. తప్పు చేసినవారి పేరు, నంబరు, కారణం, పైఅధికారి సంతకం. మూడు పేజీలు. నింపేది ఫారం, నెత్తినెక్కేది భారం.

స్టూలు స్టోరు రూముకి పోయింది.

మొదటి నెల సున్నా తప్పులు. రెండో నెలా సున్నాయే. సున్నాలు చూసి అంత మురిసిపోయిన మనిషి ఆ యజమాని తప్ప ఇంకొకరుండరు.

మూడో నెలలో సైటునుంచి మేస్త్రీ ఫోన్ చేశాడు. ఆసుపత్రి రెండు భవనాల మధ్య నడకవంతెన పని అది.

"సార్, ఇరవై మిల్లీమీటర్ల మందం ఉండాల్సిన ఇనుప పలక పన్నెండే గీశారు మీవాళ్లు. క్రేనుతో ఎత్తగానే వంగింది, దించేశాం. అదృష్టం, కింద ఎవరూ లేరు. బిగించేశాక రోగులు నడుస్తుంటే వంగితే ఏంటి సార్ గతి?"

మేనేజరు డ్రాయింగుల అమ్మాయిని పిలిచాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"పంపిన రోజు సాయంత్రమే సార్."

"ఫారం ఉందిగా?"

"అందులో పేరు రాయాలి సార్. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు."

"సైటుకైనా ఫోన్ చేయొచ్చుగా?"

"ఫోను చేతిలోకి తీసుకున్నాను సార్. మూడు రోజులు తీసుకుంటూనే ఉన్నాను." ఆ అమ్మాయి ప్రింటు మిషను పక్కన ఖాళీ మూల వైపు చూసింది. "బాబాయి ఉంటే చెప్పేసేదాన్ని."

మేనేజరు జీతాల విభాగానికి పరుగెత్తాడు. అలాంటి ఉద్యోగే లేడన్నారు. గేటు దగ్గరికి పరుగెత్తాడు.

"ఆయన ఉద్యోగి ఎక్కడండీ, విజిటరు" అన్నాడు గేటుమనిషి. "పదకొండేళ్లపాటు రోజూ రిజిస్టర్లో సంతకం పెట్టే లోపలికి వచ్చేవారు."

"అడ్రసు?"

"ఆ గడి ఎప్పుడూ ఖాళీయే. ఇప్పటి యజమానికి ముందున్న పెద్దయజమాని ఉన్నన్నాళ్లూ ఆపొద్దన్నారు, ఆపలేదు. మీరు ఆపమన్నారు, ఆపాం."

రిజిస్టరు తెరిచాడు. వచ్చిన పని అన్న గడిలో ప్రతిరోజూ ఒకటే మాట, 'వినడానికి'. పక్కన కొక్కెంలా వంగిన తోకతో సంతకం. ఎక్కడో చూసినట్టుంది. ఎక్కడో గుర్తు రాలేదు.

రిజిస్టరు చంకలో పెట్టుకుని, యజమానికి ఏం చెప్పాలో తోచక, మీటింగు గదిలోకి వెళ్లి కూలబడ్డాడు.

తలెత్తితే ఎదురుగా గోడమీద ఆ పాత డ్రాయింగు కనిపించింది. అద్దం వెనక, చీఫ్ ఇంజినీరు గడిలో, కొక్కెంలా వంగిన తోకతో అదే సంతకం.